మంగాపురం దారిలో ఆ అరమైలు

మా చిన్నప్పుడు... తిరుమల కొండకు నడిచిపోతూ మా నాయన నన్ను భుజాన ఎక్కించుకున్న దూరం ఒక అరమైలు ఉంటుందేమో. నాయన నన్ను అప్పుడే దించేశాడు. మా మునిరత్నం బావ మాత్రం ఇప్పటికీ దించలేదు.

పెళ్లికి పోయినా, దినాలకు పోయినా, నలుగురు కూర్చుంటే చాలు... నా మొక్కు పూర్తిగా చెల్లలేదని, కొంత మా నాయన భుజం మీద పోయిందని మొదలుపెడతాడు. అందరూ నవ్వుతారు. ఇన్నేళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను. నాకు చదువు పెద్దగా అబ్బలేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్బైల నాటి మాట. పాకాల దగ్గర మా పల్లె. నాకు కామెర్లు వచ్చి మంచం పట్టాను. బతకనన్నారు. మా అమ్మ దేవుడి పటం ముందు నిలబడి మొక్కుకుంది... నేను లేచి తిరిగితే, మా గడప నుంచి కొండ దాకా నా కాళ్ల మీదే నడిపిస్తానని. ఎవరూ ఎత్తుకోకూడదు, బండి ఎక్కకూడదు. అదీ మొక్కు.

లేచి తిరిగాను. స్వామి శనివారాలు వచ్చే పెరటాసి నెలలో మా పల్లె వాళ్లు పసుపులో ముంచిన గుడ్డలు కట్టుకుని గొంతెత్తి గోవింద కొడుతూ బయలుదేరితే నాయనా నేనూ కలిశాం. మా మేనమామ కొడుకు మునిరత్నం కూడా వచ్చాడు, నాకంటే మూడేళ్లు పెద్ద. అమ్మ బాలింత, గడప దగ్గరే నిలబడిపోయింది.

చెప్పులు లేవు. నడవడం ఎట్లాగో నాయనే నేర్పాడు... పొద్దున చల్లగా ఉందని ఉరకొద్దు, ఎండెక్కితే తారు వదిలి పక్కన మట్టిలో నడువు, నీళ్లు గొంతు తడిసేంతే తాగు, బొబ్బ లేస్తే గిల్లొద్దు. మూటలో చింతపండన్నం, బొరుగులు, చెనిక్కాయలు. సత్రంలో పడుకునే ముందు అరికాళ్లకు ఆముదం రాసేవాడు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది...

చంద్రగిరి దాటి మంగాపురం దారి పట్టాక ఒక వంక మీద చిన్న మోరీ, అదే కల్వర్టు, ఉండేది. అక్కడికి వచ్చేసరికి నా బొబ్బలు చితికిపోయాయి. మోరీ గోడ మీద కూలబడి ఏడ్చాను. గుంపు ముందుకు పోతోంది. నాయన అటు చూశాడు, ఇటు చూశాడు... నన్ను భుజాన ఎక్కించుకున్నాడు. మంగాపురం గుడి గోపురం కనబడగానే దించేశాడు. పక్కనే మూట మోస్తున్న బావ అంతా చూశాడు.

అక్కడి నుంచి శ్రీవారి మెట్టు దారంతా నేనే ఎక్కాను, కొన్నిచోట్ల చేతులూ కాళ్లూ ఆనించి. గుండు కొట్టించుకున్నాను, దర్శనం అయింది.

తిరుపతిలో అందరం ఊరికి బస్సెక్కాం. చంద్రగిరి రాగానే నాయన నన్ను లేపి దిగమన్నాడు. మీరు పదండి, మేము వెనక వస్తామని బావతో చెప్పాడు. నేరుగా ఆ మోరీ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఈడనే నిన్ను ఎత్తుకునింది. ఈడనుంచే నడువు. మీ అమ్మ మొక్కులో తరుగు ఉండకూడదు."

మోరీ పక్కన గుడిసెలో ఒక అవ్వ, నడిచిపోయే వాళ్లకు కుండలో మజ్జిగ కలిపి పోసేది. మమ్మల్ని గుర్తుపట్టింది. "మొన్ననే కదప్పా పోతిరి, గుండు కూడా అయిపోయినట్టుండాదే. మళ్లీ కొండకేనా? ఏమన్నా మర్చిపోయినారా ఆడ?"

"ఆడ కాదవ్వా, ఈడనే కొంచెం దూరం మర్చిపోయినాం" అన్నాడు నాయన.

అవ్వ నవ్వి నాకు రెండో గ్లాసు పోసింది. గుండు మీద గంధం ఎండిపోయి చురచురలాడుతుంటే నాయన తన తువ్వాలు నా తల మీద కప్పాడు. అంతే, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. నేను చెయ్యి చాపితే తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఏడుస్తూ నడిచాను. గోపురం కనబడ్డాక కూడా ఆపనీయలేదు, మెట్టు మొదలు దాకా నడిపించి మొదటి మెట్టుకు నుదురు ఆనించమన్నాడు. అప్పుడు పట్టుకున్నాడు చెయ్యి...

మేము ఇల్లు చేరేసరికి బావ ముందే చేరి అమ్మకు అంతా చెప్పేశాడు. "మామ వాణ్ణి భుజాన ఎత్తుకున్న్యాడత్తా. వచ్చేటప్పుడు కోట సూసేదానికి చంద్రగిరిలో దిగినారు."

నాయన జరిగింది చెప్పాడు. అమ్మ తల ఊపింది గానీ కళ్లలో నమ్మకం లేదు. తర్వాత నాకు ఏ జ్వరం వచ్చినా తల దగ్గర కూర్చుని ఆ అరమైలే తలుచుకునేది. నాయన పోయాక, తన చివరి రోజుల్లో ఒకసారి అడిగింది... "నిజం చెప్పు బిడ్డా, నడిచినావా?"

"నడిచినానమ్మా. నా కాళ్లతోనే."

"మీ నాయనా అదే చెప్పినాడు... ఇద్దరూ నన్ను ఊరడించేదానికి చెప్తాండారేమో."

అమ్మ నమ్మి పోయిందో, నమ్మకుండా పోయిందో నాకు తెలియదు.

ఇప్పుడు మెట్టు దాకా నల్లటి రోడ్డు, కార్లు. కాళ్లు కాలకుండా నడిచే మట్టి పక్క లేదు. మోరీ ఉంది గానీ అవ్వ గుడిసె లేదు. ఆ మజ్జిగ తాగిన వాళ్లు, ఆ అవ్వ మనవళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక మాట రాయండి. మీ కాళ్లు నడిచిన దారులు కూడా చెప్పండి...

బావా, ఇక నీకు. నన్ను ఎత్తుకోవడం చూశావు, అది నిజం, కాదనను. మేము కోటకు పోవడం చూశావా, బస్సులో కూర్చుని అనుకున్నావా? అనుకున్నదాన్ని మా అమ్మకు చూసినట్టు ఎందుకు చెప్పావు? ఈ పెరటాసి మొదటి శనివారం లోపల అందరూ చూసేటట్టు ఇక్కడే, ఈ రాత కిందే జవాబు రాయి. రాయలేకపోతే ఆ శనివారం పొద్దున మోరీ దగ్గరికి చెప్పులు లేకుండా రా, నేనక్కడే ఉంటాను. ఇద్దరం నడుద్దాం. చెయ్యి మాత్రం పట్టుకోను.