తెల్ల తువ్వాలు, నల్ల మెడ

ఈ సంగతి మా బంధువుల పెళ్ళిళ్ళలో చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా పగలబడి నవ్వి, నా విస్తట్లో ఇంకో కాజా వేశారే తప్ప, నేను అడిగినదానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. అందుకే ఇక కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి కాజా వడ్డించలేరు కదా.

ఆ రోజుల్లో మా కొవ్వూరులో పిల్లాడు బొద్దుగా ఉన్నాడంటే ఆ ఇంట్లో పాడి బాగుందని అర్థం. ఆ లెక్కన మా ఇంట్లో పాడి మరీ బాగుండేది. ఏడో తరగతికే మా నాన్న చొక్కాలు నాకు సరిపోయేవి (పొడవు మాత్రం మోకాళ్ళ దాకా వచ్చేది). బడి మేడ మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం పాఠంలో నిద్ర. ఆయాసానికి మా ఇంట్లోనే ఉండే మేనత్త దిష్టి తీసేది. నిద్రకు బద్ధకమని పేరు పెట్టారు. మెడ చుట్టూ మసిగుడ్డ చుట్టినట్టు నల్లటి పట్టీ ఒకటి ఉండేది. దానికి మురికని పేరు.

సోమవారం ప్రార్థనలో డ్రిల్లు మాస్టారు అందరి గోళ్ళూ మెడలూ చూసేవారు. ప్రతిసారీ నన్ను వరస బయటికి లాగి, "ఏరా పనసకాయ్, గోదారి గట్టున ఉండి మెడ కడుక్కోడానికి నీళ్ళు లేవేంట్రా?" అనేవారు.

"కడుక్కున్నానండి."

"పైగా అబద్ధమా?"

ఇంటికొచ్చి చెబితే మా అత్తకు తల కొట్టేసినట్టయ్యేది. మొదట సున్నిపిండి, తర్వాత నిమ్మచెక్క, చివరికి అంట్లు తోమే కొబ్బరిపీచు. "మురికి కాదత్తా, మంట!" అని అరిస్తే "కదలకురా నాన్నా, ఇంకాస్తే" అనేది. తోమడం అయ్యాక నా ఏడుపు చూసి తనకూ ఏడుపొచ్చి, ఓ కాజా చేతిలో పెట్టేది. ఏడుపు ఆగకపోతే ఇంకోటి. (ఆగకుండా చూసుకోవడం నేను త్వరగానే నేర్చుకున్నాను. ఆ మాత్రం తప్పు ఒప్పుకుంటాను.)

ఓ సోమవారం ఆవిడ ఓపిక చచ్చింది. ఉతికిన తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని నా వెంటే బడికి వచ్చింది. నన్ను కుళాయి కింద వంచి, బడంతా చూస్తుండగా మెడ తోమి, తువ్వాలుతో గట్టిగా తుడిచి, దాన్ని మాస్టారి ముందు పరిచింది.

"చూడండి మాస్టారూ! ఎక్కడైనా మురికి అంటిందా?"

ఆయన తువ్వాలును అటూ ఇటూ తిప్పారు. తెల్లగానే ఉంది. "లేదండి. మరైతే ఆ నలుపేంటండి?"

నేనూ అత్త వంక చూశాను. ఆ ప్రశ్న ఒకరు అడగడం అదే మొదలు.

అత్త కాస్త ఆలోచించి, "పుట్టుమచ్చండి" అంది.

"మెడ చుట్టూరానా అండి?"

"మా ఇంట్లో ఏదైనా ధారాళమేనండి."

"అలాగాండి" అంటూ మాస్టారు క్షమించమన్నారు, అత్తని. నన్ను కాదు. గెలిచిన సంతోషంలో ఆ సాయంత్రం నాకు నాలుగు కాజాలు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో వైద్య పరీక్షకని రాజమండ్రి వెళితే, డాక్టరమ్మగారు రక్తం తీయకముందే నా కాలరు వెనక్కి లాగి చూశారు. "ఇది ఎన్నాళ్ళనుంచి?"

"చిన్నప్పటినుంచండి. పుట్టుమచ్చండి."

ఆవిడ నవ్వలేదు. ఒంట్లో కొవ్వు పెరిగి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు పిల్లల మెడ ఇలా నల్లబడుతుందని, తోమితే పోదని, బరువు తగ్గితే పలచబడుతుందని చెప్పారు. పరీక్ష చేస్తే షుగర్ అప్పటికే వచ్చి కూర్చుంది.

ఇప్పుడు రోజూ గట్టు మీద నడుస్తున్నాను. మెడ కాస్త తేటపడింది, మాత్రలు మాత్రం నన్ను వదల్లేదు. అద్దంలో కాలరు లాగి చూసుకున్నప్పుడల్లా ఆ పిల్లాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాజాల కోసం దొంగేడుపులు ఏడ్చాడు గానీ, పాపం, మెడ విషయంలో ఒక్క అబద్ధం చెప్పలేదు.

మొన్న ఫోన్లో మళ్ళీ అడిగితే, "ఇప్పుడెందుకురా నాన్నా అవన్నీ? భోంచేశావా?" అంది అత్త. భోంచేశానత్తా. ఇక నేనడిగింది చెప్పు. తువ్వాలు తెల్లగా ఉందని నీ కళ్ళతో నువ్వే చూశాక, ఆ నలుపు ఎక్కణ్ణించి వచ్చిందో ఎందుకు కనుక్కోలేదు?