గీత బయటి గడ్డి

నువ్వుల నూనె కాగిన వాసన వస్తే ఇప్పటికీ నాకు వంటకన్నా ముందు లాక్రోస్ కర్ర గుర్తుకొస్తుంది. ఎనభైల్లో మా ఆడపిల్లల కర్రలు చెక్కవి; చివర తోలుపట్టీలతో అల్లిన చిన్న వల ఉండేది, బంతిని అందులో పట్టుకుని పరిగెత్తి విసరాలి. న్యూజెర్సీ ఏప్రిల్ వానలకు తడిసి ఎండిన తోలు బిగుసుకుపోతే, నాన్న శనివారం పొద్దున్నే గరాజ్‌లో పీట వేసుకుని పన్నెండు కర్రలకూ అమ్మ పోపునూనె పట్టించేవాడు. ఆట మొదలయ్యేసరికి మైదానమంతా మా వంటిల్లులా ఉండేది.

నాన్న ఎప్పుడూ లాక్రోస్ ఆడలేదు. బాపట్లలో చెడుగుడు ఆడి పెరిగి, ఇక్కడ వంతెనల డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా కోచ్ ఊరు మారింది. ఇంకెవరూ ముందుకు రాకపోతే జట్టు రద్దన్నారు. తల్లిదండ్రులంతా తమ బూట్ల వంక చూసుకుంటుంటే నాన్న చెయ్యెత్తాడు. ఆట నియమాలు లైబ్రరీ పుస్తకంలో చదివి నేర్చుకున్నాడు, ఒకటి మాత్రం చెడుగుడు నుంచి తెచ్చాడు. అక్కడ అవుటైనవాడు తనవాళ్ళు పాయింటు తెచ్చేదాకా గీత బయట కూర్చుంటాడు. నాన్న దగ్గర బంతి జారవిడిచినందుకు శిక్ష లేదు. జారవిడిచిన పిల్లను తిట్టినవాళ్ళు కూర్చోవాలి, ఆ పిల్ల పిలిచేదాకా.

“యూ షౌట్, యూ సిట్. షీ కాల్స్, యూ కమ్,” అనేవాడు. పిల్లలు ఆ యాసలోనే “కమ్, కమ్, మేడమ్!” అని నవ్వుతూ అరనిమిషంలో పిలిచేసుకునేవాళ్ళు. హాఫ్‌టైమ్‌లో అమ్మ కమలాతొనల మీద ఉప్పూకారం చల్లి పెడితే, కళ్ళనీళ్ళు కారుతున్నా “వన్ మోర్, ఆంటీ” అని చేతులు చాపేవాళ్ళు.

ఆ వసంతంలో ఒక ఆట గెలిస్తే ఫైనల్‌కు వెళ్తాం. నాకు అంతకన్నా కావలసింది ఇంకేమీ లేదు. రెండు జట్ల గోల్స్ సమానంగా ఉన్నాయి. అవతలివాళ్ళ గోల్ ముందు ఒంటరిగా నిలబడ్డ మా జట్టు కేటీకి బంతి అందించాను, జారవిడిచింది.

“కేటీ! యూ రూయిన్ ఎవ్రీథింగ్!” అని అరిచాను.

నాన్న నన్ను పిలిచి గీత బయటి గడ్డి చూపించాడు. కూర్చున్నాను. కేటీ ఒకసారి నా వైపు చూసింది, జుట్టుకు రబ్బరుబ్యాండు బిగించుకుని ఆటలోకి వెళ్ళిపోయింది. పిలవలేదు. పదకొండుమందితో ఆడి, ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

కారులో అమ్మే మొదలుపెట్టింది. “సొంత కూతురేనండీ. చివర్లో అయినా మీరు రమ్మనలేకపోయారా?”

“తిట్టించుకుంది నేను కాదుగా.”

“ఇట్స్ నాట్ ఫెయిర్, డాడీ! తను పిలవనే లేదు.”

“పిలవబుద్ధి కాలేదు. అది ఆ పిల్ల ఇష్టం, అమ్మడూ.”

ఆ మైదానంలో ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి పరిచారు. బురద లేదు, చెక్క కర్రలు లేవు, నాన్న లేడు. ఆయన సంగతులు ఆయన భాషలోనే రాయాలని యాభై దాటాక అక్షరాలు దిద్దాను. ఈ ఊరి పిల్లలకు ఇప్పుడు కోచ్‌ని నేనే. తోటిపిల్లను తిట్టినవాళ్ళను నేనూ కూర్చోబెడతాను, కానీ గడియారం చూసి, రెండే నిమిషాలు. నాన్న గడియారం చూసేవాడు కాదు. ఎంతసేపన్నది తిట్లు తిన్న పిల్లకే వదిలేసేవాడు, ఆట పోయినా సరే. నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అంత ధైర్యం చాలలేదు.