బంద్ రోజున పిపిట్ పిలుపు కోసం

కట్టెకోత మిషన్ మీద ఇరవై రెండేళ్లు పనిచేశాను. డాక్టరు చెవులు పరీక్ష చేసి, మాటలు ఇంకొన్నాళ్లు వినపడతాయనీ సన్నని శబ్దాలు ముందు పోతాయనీ చెప్పారు. అప్పుడే నాకు పిపిట్ మీద బెంగ పట్టుకుంది. హిమాలయాల అవతల, ఎత్తైన కొండల గడ్డిమైదానాల్లో పుట్టే చిన్న గోధుమరంగు పిట్ట అది. చలికాలం ఎల్బీ నగర్ దాటాక ఉన్న ఖాళీ ప్లాట్లకు వస్తుంది. గుప్పెడంత లేదు, అంత దూరం ఎలా వస్తుందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఏళ్లుగా చూస్తున్నాను గానీ, విజయవాడ హైవే రొదలో దాని గొంతు ఒక్కసారీ వినలేదు. తెలంగాణ బంద్ అనగానే, చెవులు మూతపడేలోపు ఇదే అదను అనుకున్నాను.

ఉదయం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరాను. మామూలుగా షేర్ ఆటోకు పది రూపాయలు. ఆ రోజు ఒక్క బండీ లేదు, నడకే. గడ్డిఅన్నారం మార్కెట్ మూసేసినా బత్తాయి వాసన మాత్రం బంద్ పాటించలేదు. కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ చౌరస్తాకు గంటంపావు పట్టింది. అక్కణ్ణుంచి అరగంట నడిచి ప్లాట్ల దగ్గరికి చేరితే, హైవే నడిమధ్య వంటావార్పు! నిరసనగా రోడ్డు మీదే వండుకు తినడానికి రాళ్ల పొయ్యిలు పెట్టారు, పక్కనే డప్పులు మోగిస్తున్నారు. లారీలు లేవని సంబరపడి వస్తే ఇదేం ఖర్మ అని ఉసూరుమన్నాను.

"ఏందన్నా, గట్ల నిలబడ్డవ్? జర సేపైతే బువ్వ అయితది, తిని పో," అంది వంట చేస్తున్న అక్క. సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. డప్పు కొడుతున్న పెద్దాయనను కేకేసింది. "ఓ మల్లన్నా, గీ అన్నకు చెవులు పోతున్నయంట. పిట్ట కూత ఇనాలంట. జర ఆపుండ్రి!"

"తోలు సడలింది, డప్పులు ఎట్లైనా కాచుకోవాలె. నువ్వు చెప్పేదాక కొట్టం, ఇను పో," అన్నాడు మల్లన్న. డప్పులు మంట దగ్గర పెట్టుకుని అందరూ కూర్చున్నారు. అంతమంది ఒక్క పిట్ట కోసం మాటలు కట్టిపెట్టారు.

ఎండుగడ్డిలో అది కనిపించింది. గెంతదు, మనలాగే నడుస్తుంది. ఆగి, రొమ్ము విరుచుకుని నిలబడి, ఉన్నట్టుండి లేచి మా తలల మీదుగా ఎగిరింది. దాని ముక్కు తెరుచుకోవడం కళ్లారా చూశాను. అందరి తలలూ పైకి లేచాయి.

"ఇన్నవా అన్నా?" అంది అక్క.

నాకేమీ వినపడలేదు. తల అడ్డంగా ఊపాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

మల్లన్న వేడి డప్పు తెచ్చి, నా అరచేతిని దాని తోలు మీద ఆనించాడు. సన్న పుల్లతో అంచు మీద చురుగ్గా ఒకటి, కాస్త ఆగి మెత్తగా ఇంకొకటి కొట్టాడు. "గిట్ల పిలిచింది," అన్నాడు. మళ్లీ కొట్టమన్నాను, కొట్టాడు. ఎక్కడి కొండల పిట్ట, ఎవరి డప్పు, నా అరచేతిలో దాని పిలుపు! అంత ఆశ్చర్యం నా జన్మలో ఎరగను.

తమ గొంతు వినిపించాలని రోడ్డెక్కినవాళ్లు, నా కోసం కాసేపు ఆ గొంతే ఆపుకున్నారు. తిరిగి నడుస్తున్నంతసేపూ అదే తలచుకున్నాను. మీరూ వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. బండ్లు తక్కువగా తిరిగే రోజు చూసుకుని, ఎనిమిదిలోపు చేరుకుని గడ్డి అంచున కదలకుండా కూర్చోండి. కెమెరా లేకపోయినా ఫరవాలేదు. చెవులు పనిచేస్తున్నప్పుడే వెళ్లండి.