నేను చూపించిన సముద్రం

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంట్లో కనబడిన బల్లి బహదూర్‌పురా చౌరస్తా దాటేలోపు మొసలైపోతుంది. కాబట్టి దీన్ని కొంత కోసేసుకుని చదవండి. ఎంత కోసినా ఒక ఘోరం మాత్రం మిగులుతుంది. ఒక పెద్దావిడ ముప్పై ఏళ్ల కోరికను నేను ఒక్క కేకతో నీళ్లపాలు చేశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సముద్రం చూశానని గల్లీ అంతా చెప్పుకునేవాణ్ని. నిజానికి చూసింది మీరాలం చెరువు, అదీ గోడ మీది నుంచి. అయినా చాయ్ హోటల్లో నా అలలు తాటిచెట్టెత్తు లేచేవి. వినేవాళ్లు తడుస్తామేమోనని ప్యాంట్లు పైకి మడుచుకునేవారు.

పక్కింటి నర్సమ్మ పెద్దమ్మ అదంతా నమ్మింది. ఆవిడ భర్త మల్లయ్య బాపు జూలో నీటిగుర్రాల మడుగు కడిగేవాడు. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని ఆవిడకు మాటిచ్చి, తానూ చూడకుండానే పోయాడు. సంవత్సరీకం అయిన మర్నాడే పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడింది, చేతిలో ఆయన కళ్లజోడుతో.

"రామేశ్వరం పోదాం బిడ్డా. గాడ దీవికి, ఒడ్డుకు నడుమ సముద్రం ఉంటదట గద, రైలు దాని మీదికెల్లే పోతదట. ఈ అద్దాలు అండ్ల ఇడుస్త. ఆయన కండ్లన్న చూస్తయి."

"గంతే గద పెద్దమ్మా! ఆ సముద్రం నాకు మన గల్లీ లెక్క!"

"నాకేం తెల్వదు. సముద్రం రాంగనే లేపాలె."

"నువ్వు ఫికర్ చెయ్యకు."

మద్రాసులో బండి మారాం. తెల్లవారుతుండగా పైబెర్తు మీద ఇంజనుతో పోటీపడి గురక పెడుతున్న నాకు ధడధడమని వంతెన చప్పుడు వినిపించింది. కిందికి దూకి చూశాను. నిండుగా నీళ్లు. వాటికి అవతల పచ్చటి నేల, దాని మీద ఆకాశాన్ని గోకుతున్న గోపురం. నీళ్లు, దీవి, గుడి. లెక్క సరిపోయింది!

"లే పెద్దమ్మా! వచ్చింది! సముద్రం!"

"గిదేనా? మరి అలలు లెవ్వేంది?"

"ఎండ రాకముందే అలలెట్ల వస్తయి?"

"అవతలి ఒడ్డు కనవడుతున్నది గద రా!"

"అదే దీవి! జల్ది, వంతెన అయిపోతున్నది!"

పెద్దమ్మ కళ్లజోడును కళ్లకు అద్దుకుంది. "చూడు ఇగ, మస్తుగ చూడు" అని దానితోనే చెప్పి, కిటికీ ఊచల్లోంచి వదిలేసింది. అద్దాలు ఒక్కసారి తళుక్కుమన్నాయి. నా తల మీద చెయ్యి పెట్టి, "కొడుకు లెక్క చేసినవ్" అంది. నేను కూడా ఆ దీవెనను సిగ్గులేకుండా తలవంచి తీసుకున్నాను.

ఆవిడ మొహం కడుక్కోవడానికి వెళ్లగానే ఎదుటి సీటాయన తెలుగులోనే అడిగాడు.

"ఎక్కడికి బాబూ?"

"రామేశ్వరమే గద, వచ్చేసింది."

"రామేశ్వరానికి ఇంకా ఆరు గంటలుంది. ఇది శ్రీరంగం. మనం దాటింది కావేరి పాయ."

నీటిగుర్రం వచ్చి నా గుండెల మీద కూర్చుంది. ఇంతలో పెద్దమ్మ తిరిగొచ్చింది.

"దిగుదామా?"

"గుడి దీవికి అటు కొసకున్నది పెద్దమ్మా."

బండి కదిలింది. రెండు నిమిషాలకే ఇంకో వంతెన.

"మళ్ల సముద్రమేంది రా?"

"అదే... చుట్టు తిరిగొచ్చింది."

తర్వాత పొలాలు, మేకలు, లారీలు, ఊళ్లకు ఊళ్లు.

"దీవి గింత పెద్దదా? రైల్వే గేట్లు గూడ ఉన్నయి!"

"సర్కారు పెట్టింది పెద్దమ్మా." ఎదుటి సీటాయన పేపరు చాటున కుదుపులు కుదుపులుగా నవ్వుతున్నాడు.

మధ్యాహ్నం బండి నడకకు దిగింది. ఉన్నట్టుండి నేల మాయమైంది. రెండు పక్కలా నీలం. పట్టుకోవడానికి గోడ లేదు, చక్రాల కిందే అలలు రాళ్లను కొడుతున్నాయి. తుంపర పెద్దమ్మ మొహాన పడింది. పెదవులు నాక్కుంది. ఉప్పు. నా వైపు తిరిగింది.

"మరి ఇదేంది రా?"

జీవితంలో మొదటిసారి పెంచి చెప్పడానికి నాకేమీ దొరకలేదు. "ఇది సముద్రం పెద్దమ్మా."

"మరి గది?"

"గది... నది."

సీటు కింద ఖాళీ ఉందేమోనని చూశాను, ట్రంకుపెట్టెలున్నాయి. పెద్దమ్మ వంతెన అయిపోవచ్చేదాకా నీళ్లనే చూసింది.

"గా నది యాడికి పోతది?"

"సముద్రంలకే."

"అయితే వస్తడు తియ్యి. ఆరింటికి డ్యూటీ దిగినోడు ఏనాడన్న ఎనిమిదికి ముందల ఇల్లు చేరిండా?"

ఆ వంతెన సాక్షిగా నేను ఘోరమైన శపథం పట్టాను. నాలుక మీద వేసుకుని ఉప్పు చూడనిదే ఇక ఏ నీటినీ సముద్రం అని పిలవను. వానాకాలం చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నిలిచే నీళ్లకు మాత్రం మినహాయింపు.

ఇక ఇందులో కల్పించిందేదో చెప్పాలి. గురక నిజం, కళ్లజోడు నిజం, దీవిలో రైల్వే గేట్లూ నిజం. 'అయితే వస్తడు తియ్యి' అన్న ఆ చివరి మాట మాత్రం పెద్దమ్మది కాదు. నది సంగతి విన్నాక వంతెన మీద ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిరుగు ప్రయాణంలో, ఆ పాయ మళ్లీ దాటుతున్నప్పుడు, భయపడుతూ భయపడుతూ ఆ మాట అన్నది నేను. ఆవిడ నన్ను చాలాసేపు చూసి నవ్వింది. గల్లీకి వచ్చాక అందరికీ తన మాటగానే చెప్పుకుంది. నేను వెనక్కి అడగలేదు.