ఆమోసుగారు చెప్పని రంగు

టేప్ రికార్డరు మీద ఎర్ర బటన్ నొక్కాక నోరు మూసుకుని ఉండటం ఆమోసుగారి వల్ల కాదు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. ప్రార్థన కూటం కానివ్వండి, పుట్టినరోజు కానివ్వండి, ముందు గొంతు సవరించుకుంటారు. తర్వాత తేదీ, వారం, ఊరు, ఎండ. అవన్నీ అయ్యాక ఎవరెక్కడ కూర్చున్నారు, ఏ రంగు బట్టలు వేసుకున్నారు. ఈలోపు కేకు మీద కొవ్వొత్తులు కరిగి క్రీములో కలిసిపోయేవి.

"ఉహుఁ, ఉహుఁ. ఈరోజు శనివారం. ఫ్రీమాంట్. ఎండ ఫరవాలేదు. సామ్యూల్‌గారు సోఫాలో ఉన్నారు. చొక్కా తెలుపు, ప్యాంటు బూడిద రంగు. సాక్సు మటుకు ఒకటి నలుపు, ఒకటి గోధుమ."

సామ్యూల్‌గారు గబుక్కున కాళ్లు సోఫా కిందికి లాక్కునేవారు.

ఆ సామ్యూల్‌గారి పాపకే ఓసారి బాప్తిస్మం. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. వెనకనుంచి ఆమోసుగారి గొంతు: "పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. టై మెరూన్. దాని మీద మరక ఉంది. బహుశా పప్పుచారు." పాస్టరుగారు కళ్లు తెరిచి టై చూసుకున్నారు. ఆ తర్వాత ప్రార్థన ఎక్కడ ఆగిందో ఆయనకీ గుర్తు రాలేదు, విన్నవాళ్లకీ గుర్తు రాలేదు.

అలవాటు ఫోన్‌కి తగిలించిన ఆన్సరింగ్ మెషీన్ దాకా పాకింది. లోకంలో అందరూ "ఇంట్లో లేం" అని ఊరుకుంటారు. ఆమోసుగారు ఇంట్లో ఎందుకు లేరో, పొయ్యి మీద ఏ కూర మూతపెట్టి ఉందో, ఏ కిటికీ తెరిచి ఉందో చెప్పుకుంటూ పోయారు.

"దొంగలకి దారి కూడా చెప్పండి, పాపం వెతుక్కుంటారు!" అంది భార్య ప్రేమజ్యోతి.

1986 వేసవిలో ఈ మహానుభావుడి చేతుల్లో పడింది రూతు.

రూతు ప్రేమజ్యోతి చెల్లెలి కూతురు. లండన్ పిల్ల. పంతొమ్మిదేళ్లు, చెవులకి గాజులంత రింగులు. అక్కడ నలుగురు స్నేహితులతో జట్టు కట్టింది. ఒకడు తిరిగే రికార్డుని ముందుకీ వెనక్కీ గీకి చప్పుడు పుట్టిస్తాడు. ఇంకొకడు గోడ కనబడితే రంగులు చిమ్ముతాడు. ఆడపిల్లలు కోవెంట్ గార్డెన్ రాళ్ల మీద అట్ట పరిచి తలకిందులుగా గిరగిరా తిరుగుతారు. రూతు తిరగనూ తిరుగుతుంది, తాళానికి మాటలు గుప్పిస్తూ ర్యాప్ కూడా చేస్తుంది.

లైసెన్సు లేకుండా ఓ ఎత్తైన అపార్టుమెంటు మీదనుంచి నడిచే రేడియో ఒకటి, వీళ్ల పాట టేపు బాగుంటే ఆగస్టు మొదటి శనివారం అరగంట ఇస్తామంది. "అమెరికా వెళ్తున్నావుగా! ఈ పాటలు పుట్టిందే అక్కడ. అసలు సరుకు అక్కడే ఉంది, టేపులో నింపి పంపు" అని జట్టంతా రూతు మీదే ఆశ పెట్టుకుంది. సోమవారం పోస్టులో వేస్తే తప్ప టేపు వేళకి చేరదు.

అసలు సరుకు కోసం వచ్చిన పిల్లకి ఫ్రీమాంట్‌లో దొరికినవి ప్రార్థన కూటం, గోంగూర పచ్చడి, ఆమోసుగారు. ఏం చేస్తుంది, చుట్టుపక్కల మంచి రికార్డరు ఆయన దగ్గరే ఉంది. దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు.

"నువ్వు పాడు తల్లీ, నేను నొక్కుతా" అన్నారాయన.

శనివారం పొద్దున గరాజులో ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి పరిచింది రూతు. రాసుకున్నదంతా తానెన్నడూ చూడని న్యూయార్కు గురించే. మంచు, సబ్‌వే, పోలీసు సైరన్లు. యాస కూడా అక్కడిదే, అరువు తెచ్చుకున్నది. ఆమోసుగారు బటన్ నొక్కారు.

"ఉహుఁ, ఉహుఁ. ఈరోజు శనివారం, జూలై పంతొమ్మిది..."

"పెద్దనాన్నా! నో టాకింగ్, ప్లీజ్!"

"సారీ తల్లీ. అలవాటు."

రెండోసారి సగందాకా బానే సాగింది. ఊపులో రూతు అట్ట మీద తలకిందులైంది.

"అమ్మాయి తల మీద నిలబడింది. ప్యాంటు నీలం. తిరుగుతోంది. దేవుడా, మెడ జాగ్రత్త!"

మూడోసారి ఆయన రెండు చేతులతో నోరు నొక్కుకుని, మొహం ఎర్రగా చేసుకుని, చివరి చరణం దాకా లాక్కొచ్చారు. సరిగ్గా అప్పుడు గరాజు తలుపు తోసుకుని సామ్యూల్‌గారు వచ్చారు. ఆమోసుగారి చేతులు జారిపోయాయి.

"సామ్యూల్‌గారు వచ్చారు! ఈరోజు సాక్సు రెండూ ఒకటే!"

రూతుకి ఏడుపు ముంచుకొచ్చింది. "ఎవరికోసం పెద్దనాన్నా ఇదంతా? సాక్స్ కలర్ ఎవరికి కావాలి? మండే పోస్ట్ చేయాలి. నా ఫ్రెండ్స్ అంతా వెయిట్ చేస్తున్నారు!"

ఆమోసుగారు "గులాబీలకి నీళ్లు పట్టాలి" అంటూ పెరట్లోకి వెళ్లిపోయారు. సామ్యూల్‌గారు వచ్చిన పని కూడా చెప్పకుండా జారుకున్నారు.

ఇక లాభం లేదు, తానే రికార్డు చేసుకుందామని రూతు షెల్ఫులో ఖాళీ టేపు వెతికింది. 'చాండ్లర్' అని రాసినవి వరసగా పేర్చి ఉన్నాయి. ఖాళీదో కాదో చూద్దామని ఒకటి పెట్టింది. ఓ ముసలావిడ గొంతు ఖంగున మోగింది.

"ఒరేయ్ ఆమోసూ! కరుణమ్మనిరా. టేపు అందింది. ప్రేమజ్యోతి చీర రంగు చెప్పలేదేం? రంగు చెప్పకపోతే ఆ పిల్ల నాకు కనబడదు కదరా! సామ్యూల్ సాక్సుకి పడీపడీ నవ్వాను. లండన్ పిల్ల వచ్చిన రోజే తల మీద తిరిగిందన్నావు, కుడికా ఎడమకా? సగం చెప్పి వదిలేస్తే ఎలా? రోజంతా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను."

టీ పట్టుకొచ్చిన ప్రేమజ్యోతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెద్దమ్మా, హూ ఈజ్ షీ?"

"మన కూటానికి పెద్దదిక్కే ఆవిడ. షుగర్ వచ్చి చూపు పూర్తిగా పోయింది. రెండేళ్ల కిందట కొడుక్కి కంప్యూటర్ చిప్స్ కంపెనీలో ఉద్యోగం వస్తే ఎక్కడో దూరాన చాండ్లర్ అనే ఊరు తీసుకెళ్లాడు. 'ఇక మీరెవరూ నాకు కనబడరర్రా' అని కార్లో కూర్చుని ఏడ్చింది. 'నేను చూపిస్తాగా' అన్నారు మీ పెద్దనాన్న. అప్పట్నుంచి వారానికో టేపు."

"ఆన్సరింగ్ మెషీన్ కూడానా?"

"ఆవిడ ఫోన్ చేసినప్పుడు ఇల్లు కనబడొద్దూ?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే జనం సరిగ్గా తయారై వస్తారట. ఇక సాక్సు తమాషా ఉండదట!"

రూతు నవ్వింది. కళ్లు తుడుచుకుని పెరట్లోకి పరిగెత్తింది.

"పెద్దనాన్నా, రోజెస్‌కి మార్నింగే వాటర్ పోశావు."

"పోశాను" అని ఒప్పుకున్నారాయన, గులాబీల వంకే చూస్తూ.

"రా, వన్ మోర్ టైమ్."

"ఈసారి నోట్లో గుడ్డ కుక్కుకుంటా తల్లీ. ఒట్టు."

"నో! నువ్వే స్టార్ట్ చేయాలి."

న్యూయార్కు కాగితాలు చెత్తబుట్టలోకి పోయాయి. ఆమోసుగారు గొంతు సవరించుకుని తేదీ, ఊరు, ఎండ చెప్పారు. రెండు టేపు డెక్కులతో తంటాలు పడి రూతు ఆ సవరింపునే పదేపదే అతికించి తాళం కట్టింది. ఉహుఁ-ఉహుఁ, ఉహుఁ-ఉహుఁ. దాని మీద సొంత లండన్ యాసలో, మధ్యలో వచ్చినంత తెలుగుతో, కళ్లెదుట ఉన్నవన్నీ గుప్పించింది. ఫ్రిజ్ అట్ట, పెద్దమ్మ చిలకపచ్చ చీర, సామ్యూల్ సాక్సు, తడిసిన గులాబీలకే మళ్లీ నీళ్లు పోసే పెద్దమనిషి. తాను కుడి నుంచి ఎడమకి తిరిగానని కూడా మర్చిపోకుండా చెప్పింది. సోమవారం ఒక టేపు లండన్ వెళ్లింది, ఒకటి చాండ్లర్ వెళ్లింది.

పది రోజులకి లండన్ నుంచి జట్టులోని జయంతి ఫోన్ చేసింది. పాపం, కూర, కిటికీ అన్నీ ఓపిగ్గా విని, బీప్ వచ్చాక అరిచింది. "రూతూ, అరగంట మనదే! గొంతు సవరించుకునే ఆ అంకుల్ ఎవరని అందరూ అడుగుతున్నారు!"

ఆ శనివారం కూటం అయ్యాక, ఇక దాచేదేముందని రూతు పట్టుబడితే, చాండ్లర్ నుంచి వచ్చిన టేపు కూడా అందరి ముందూ పెట్టారు. రూతు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

"ఒరేయ్ ఆమోసూ! పాట మూడుసార్లు విన్నాను. అందరూ కనబడ్డారు. ఆ పిల్ల తిరగడం కూడా కనబడింది, నా కళ్లే తిరిగాయి. అంతా బాగుంది కానీ, వెధవా, ఈ రెండేళ్లలో నువ్వేం చొక్కా వేసుకున్నావో ఒక్కసారైనా చెప్పావుట్రా?"

గదిలో నవ్వులే నవ్వులు. ఆమోసుగారు తల దించుకున్నారు. ఆయన తేరుకునేలోపు రూతు వెళ్లి ఎర్ర బటన్ నొక్కేసింది.

"ఉహుఁ, ఉహుఁ. టుడే శనివారం. ఫ్రీమాంట్. ఎండ ఫరవాలేదు. పెద్దనాన్న షర్ట్ ఎల్లో. బటన్స్ అన్నీ తప్పు పెట్టుకున్నాడు."

ఆమోసుగారు గబుక్కున చొక్కా చూసుకున్నారు.

"ఇప్పుడు చూసుకున్నాడు. నవ్వుతున్నాడు."