రాజన్న ఇంటికి చేసిన ఫోన్

కరోనా రోజుల్లో నేను ఒమన్‌లోని ఇబ్రాలో ఒక చిన్న కంపెనీలో మేస్త్రీగా ఉండేవాణ్ణి. సైట్లన్నీ ఆగిపోయాయి. చుట్టుపక్కల కంపెనీలు మనుషులను వదిలించుకుంటుంటే, మేం అర్బాబ్ అని పిలుచుకునే మా ఒమానీ యజమాని మాత్రం ఒక్కరినీ తీసేయలేదు. జ్వరం వచ్చినవాళ్ళకు తన సొంత ఇంట్లో ఒక భాగం ఖాళీ చేసి ఇచ్చారు. రోజూ తనే భోజనం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవారు.

నా రూమ్‌లో ఉండే జగిత్యాల రాజన్నకు ఊపిరి ఆడకపోతే, తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాటి మధ్యాహ్నం తిరిగొచ్చి దూరంగా నిలబడ్డారు.

"రాజన్న పోయాడు. వాళ్ళింటికి నేనే చెప్పాలి. మీ భాష రాదు, నువ్వు చెప్పు" అని హిందీలో అన్నారు.

ఫోన్ కలిపాను. రాజన్న భార్య లక్ష్మి ఎత్తింది.

"అన్నా, ఆయన మంచిగున్నడా? మీ సేటు కన్నకొడుకు లెక్క చూసుకుంటున్నడట గదా. నాకేం రంది లేదే."

ఆమె ఏమంటోందని అర్బాబ్ అడిగారు. చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని అలాగే కూలబడిపోయారు.

"అన్నా, మాట్లాడవేందే?"

"రాజన్న లేడు చెల్లే" అన్నాను.

అంతటి మనిషి అండగా ఉన్నా ఒక్క ప్రాణాన్ని నిలుపుకోలేకపోయాం. ఊరికొచ్చాక లక్ష్మిని చూడటానికి వెళ్ళాను. "నీ తప్పేం లేదన్నా. గని నీ గొంతు ఇంటే నా పానం అదురుతది. ఇగ రాకు" అంది.

మళ్ళీ వెళ్ళలేదు.