సద్ది గిన్నె పాట ఎవరిది

జర దగ్గరికి జరుగుండ్రి. చాప పెద్దదే, అందరికీ సాలుతది. పొయ్యి మీద పాలు పెట్టినోళ్లు దించి రాండ్రి. నడుమల లేచిపోతే మల్ల మొదటికెల్లి చెప్పుడు నాతోని కాదు. ఇది ఒక్కసారి చెప్పుడే నాకు కష్టం.

నేను చదివింది ఐదో తరగతి. చదువు అబ్బలేదు గని చెవుల పడ్డది మాత్రం పోదు. ఏ పెండ్లిల ఎవరు అలిగిండ్రు, ఎవరి మాటకు ఎవరు ఏమన్నరు, అన్నీ చెప్పుత. మా ఇంటాయన నవ్వుతడు, "నీ ముంగట నోరు తెరిస్తే పత్రం రాసిచ్చినట్టే" అని. ఆ జ్ఞాపకమే నన్ను దొంగను చేసింది.

సద్ది గిన్నె పాట మీరందరు విన్నరు. పెండ్లి బరాత్‌ల డీజే బండి మీద వచ్చేది, ఫోన్‌ల రీల్స్‌ల పిల్లలు ఎగిరేది, గదే. దేవరుప్పుల దిక్కు ఎవరినడిగినా ఆ పాట నాదంటరు. నాది గాదు. పది పన్నెండేండ్లు నాదని చెప్పుకున్న. ఇప్పుడు చెప్తున్న, నాది గాదు.

మా యారాలు ఉన్నది. మా ఇంటాయన అన్న భార్య, నేను అక్క అని పిలుస్త. బావ భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేసేటోడు. వాళ్లకొక్కతే బిడ్డ. ఒకనాడు బావ పొద్దుగాల షిప్టుకు పోయిండు, పని అయినంక బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డ కాడ ఛాతిల నొప్పి అన్నడట. దవాఖానకు తీసుకపోయేసరికే పానం పోయింది. తోటి పనాయన ఒకాయన బావ సద్ది గిన్నె ఇంటికి తెచ్చిచ్చిండు. అక్క మూత తీసింది. సగం అన్నం అట్లనే ఉన్నది. ఆ గిన్నె ఒళ్లె పెట్టుకొని శోకం ఎత్తింది.

"సద్ది గట్టి ఇస్తినయ్యో, సల్లబడకముందె తిన్నవా
పొద్దుగాల పోయినోడా, పొద్దుగూకె, రావేందయ్యా"

శోకం పెట్టుడంటే మీకెరికే. పోయినోళ్లతోని మాట్లాడుకుంట, రాగం తీసుకుంట ఏడ్చుడు. కొత్తగ చుట్టం వచ్చినప్పుడల్లా మెడ పట్టుకొని మల్ల మొదటికెల్లి ఎత్తుతరు. దినాలయ్యేదాక నేను అక్కడ్నే ఉన్న. వచ్చినోళ్లకు నీళ్లియ్యవట్టి, పక్కల కూసోబట్టి, ఆ శోకం అంతా నా లోపటికి దిగింది. నేను నేర్చుకోలేదు. దిగింది.

మా దిక్కు ఒక ఖాయిదా ఉన్నది. చావింట్ల ఎత్తిన శోకం ఆ ఇంట్లనే ఉండాలె. పోయేటప్పుడు నల్లా కాడ కాళ్లు కడుక్కొని, వెనుకకు మల్లి చూడకుంట పోవాలె. దినాలయిన తెల్లారి మా ఇంటాయన "నారు ముదురుతున్నది, బస్సు అందదు, నడువు నడువు" అని ఒకటే తొందర. నేను కాళ్లు కడుక్కోకనే బస్సెక్కిన. పరకాల దాటినంక యాదికొచ్చింది. ఇంటికి పోయి కడుక్కుంట తియ్ అనుకున్న.

నెల తిరగకముందే నాట్లు పడ్డయి. మా దగ్గర నాట్లల్ల ఒకామె పాట ఎత్తుకుంటది, తక్కినోళ్లు అందుకుంటరు. పాట ఉంటేనే మునుం సాగుతది, అంటే వరుస పట్టి నాటుకుంట పోయే పని. ఎప్పుడు ఎత్తుకునే ఆమెకు ఆనాడు జరం. అందరు నా మీద పడ్డరు.

"నీకు అన్నీ యాదికుంటయి గదనే, ఎత్తుకో."

"ఏది ఎత్తుకోవాలె?"

"ఏదన్న కొత్తది. పాత పాటలు వినీ వినీ నారు గూడ నవ్వుతున్నది."

నోరు తెరిచిన. అక్క రాగమే వచ్చింది. రెండు మాటలు వచ్చినంక ఇది శోకమని యాదికొచ్చింది గని, అప్పటికే వెనుకకెల్లి పదిమంది అందుకున్నరు. ఇంక ఆపలేక మాటలు మార్చిన. పోయినోడా అన్న కాడ పొలం బోతివి అన్న. చేతులకు తగ్గట్టు రాగం ఉరికిచ్చిన.

"సద్ది గట్టి తెస్తి బావా, సల్లబడకముందె తినరావా
పొద్దుగాల పొలం బోతివి, పొద్దుగూకె, రావేందయ్యా"

మునుం మీద మునుం పోయింది. అంతల ఒక ముసలవ్వ, నారుకట్ట చేతుల పట్టుకొని నడుము లేపి నన్ను చూసింది.

"ఏ పిల్లా, ఇది శోకం వరుస గదనే?"

"కాదవ్వా. మా తల్లిగారి ఊళ్లె బతుకమ్మ పాట."

"మీ తల్లిగారి ఊళ్లె బతుకమ్మను గింత ఏడిపిస్తరా?"

అందరు ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన. గది మొదటి అబద్ధం. మీరు ఈ పాటకు ఎన్ని రకాలు విన్నరో నాకెరికలేదు గని, అన్నిటికంటె ముందు మార్చి పాడింది నేనే.

ఇంక పాట ఆగుతదా. దంతాలపల్లి నుంచి ఆటోల కూలికొచ్చిన ఆడోళ్లు దాన్ని పట్టుకపోయిండ్రు. ఆ ఏడు బతుకమ్మకు వాళ్ల ఊళ్లె సప్పట్లు కొట్టి ఆడిండ్రని విన్న. పోనీ, ఆడోళ్ల నడుమల ఉన్నది గదా అనుకున్న. తర్వాత జనగామల జానపద పాటల వీడియోలు తీసేటాయన ఎక్కడ విన్నడో ఏమో, కెమెరా పట్టుకొని మా ఇంటికే వచ్చిండు. వాకిట్ల కూసోబెట్టి పాడిచ్చుకున్నడు. పాడినంక అడిగిండు.

"అవ్వా, ఈ పాట ఎవరిది? కింద పేరు వెయ్యాలె."

గప్పటికి నాకు అవ్వ వయసు గూడ రాలేదు. గది వేరే సంగతి. ఇరుగు పొరుగంత గోడల మీదికెల్లి చూస్తున్నరు. మా ఇంటాయన కుర్చీల కూసొని మీసం దువ్వుతున్నడు. నా జన్మల నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడ రాసింది లేదు. నాలుక మీద అక్క పేరు ఉన్నది. దేవుని తోడు, ఉన్నది.

"నాదే బిడ్డా. నేనే కట్టిన."

మా ఇంటాయన మీసం దువ్వుడు ఆపి నా దిక్కు చూసిండు. ఆయనకు ఎరికే గదా, ఆయన అన్న కోసం ఏడ్చిన ఏడుపే అది. ఏమన్లేదు. మల్ల మీసం దువ్వుకున్నడు. ఏమన్న అంటే బాగుండు.

గని వీడియో తీసేనాటికి పాడింది నేను గాదు, ఒక సన్నటి పిల్ల, గొంతు తేనె తీరు ఉన్నది. నన్ను నారుకట్ట పట్టుకొని రెండుసార్లు నవ్వమన్నరు, నవ్విన. పాట ఊర్లు దాటింది. జనగామ బస్టాండ్ల ఒకాయన ఫోన్ మోగితే గదే పాట. తర్వాత డీజేలోళ్లు డప్పు దరువు కలిపి ఇంకింత ఉరికిచ్చిండ్రు. బ్యాండోళ్లు పీపీలతోని ఊదిండ్రు. సర్పంచు ఓట్లప్పుడు ఒక దిక్కోళ్లు "ఓటు గుద్ది రావేందయ్యా" అని కట్టిచ్చుకుంటే, తెల్లారి ఎదుటి దిక్కోళ్లు గదే పాట మీద వాళ్లను తిట్టుకుంట కట్టిచ్చుకున్నరు. ఆంధ్ర దిక్కు ఎవరో పాడిండ్రట, సద్దిని చద్ది చేసి, మాటలన్నీ ఇస్త్రీ పెట్టి. మా పక్కింటి పిల్ల విని, "చిన్నమ్మా, నీ పాటకు పౌడర్ కొట్టిండ్రు" అన్నది. మానుకోట, అంటే మహబూబాబాదే, అక్కడ స్టేషన్ ముంగట చాయ్ పోసే చాచా ఉర్దూ కలిపి పాడేటోడు: "టిఫిన్ ఠండా హోగయా బావా, జల్ది రావేందయ్యా." విని అందరు నవ్వుతరు. నేనూ నవ్విన. చాయ్ మాత్రం సగంల ఇడిచిపెట్టి లేచిన.

ఇన్ని చెప్పుడు ఎందుకంటే, ఎక్కడ విన్నా నాకు మొదట కనపడేది ఒక్కటే. ఒళ్లె గిన్నె పెట్టుకున్న అక్క. భూపాలపల్లికి పోయుడు తక్కువ చేసిన. పోయినా పాట ఊసు నేను ఎత్తలె, అక్క ఎత్తలె. మాటలు మారినయి గదా, ఆమెకు ఆనవాలు పట్టలేదనుకున్న. అనుకున్న అంటే, అనుకుంటే నాకు నిద్ర పడుతది గనుక అనుకున్న.

మొన్న అక్క బిడ్డ లగ్గం అయింది. మానుకోటల ఫంక్షన్ హాలు, పగటి ముహూర్తం. తండ్రి లేడు గనుక పీటల మీద నేనూ మా ఇంటాయన కూసున్నం. పిల్లగాని కాళ్లు కడిగి పిల్లను చేతుల పెట్టింది మేమే. అక్క దూరంగ కుర్చీల కూసొని చూసింది. ఆమె కూసోవలసిన కాడ నేను కూసున్న, గది తప్పదు. అది ఆచారం. కొంగు ముడి పడ్డప్పుడు నేను ఆమె దిక్కు చూస్తే, మంచిగ కూసో అన్నట్టు చెయ్యి ఊపింది.

బువ్వలయినంక బరాత్ అన్నరు. డీజే బండి వచ్చింది. పెండ్లిపిల్ల ఉరికొచ్చి నా చెయ్యి గుంజింది.

"చిన్నమ్మా! నీ పాటే పెట్టిచ్చిన. రా!"

"ఒద్దు బిడ్డా, కాళ్లు నొస్తున్నయి."

"నాట్లల్ల నొయ్యలేదా? నా లగ్గం రోజే నొచ్చినయా?"

ఆ పిల్లకు ఎరికలేదు. తండ్రి పోయినప్పుడు చిన్నది, ఎవరింట్లనో పండవెట్టినం. మైకుల ఎవరో, "ఈ పాట కట్టిన అమ్మ మన నడుమలనే ఉన్నది" అన్నడు. మగపెండ్లోళ్లు శాలువా కప్పిండ్రు. సప్పట్లు. పాట అందుకున్నది. పాపం చెప్పాలంటే పూర్తిగ చెప్పాలె: నేను రెండు అడుగులేసిన. చేతులు లేపి, నవ్వుకుంట, రెండు అడుగులు. మూడోది వేస్తుంటె చేతులు కడిగే నల్లా కాడ అక్క కనపడ్డది. తమలపాకులు కడుగుతున్నది. కడిగిన ఆకునే మల్ల కడుగుతున్నది, మల్ల కడుగుతున్నది. నా దిక్కు చూస్తలేదు.

నేను గుంపుల కెల్లి బయటపడి పోయిన. శాలువా తీసి చంకల కుక్కుకున్న.

"అక్కా."

"పో, పిల్ల పిలుస్తున్నది."

"నీకు ఎరికేనా అక్కా?"

"నా ఏడుపు నాకు ఎరికలేకపోతదా?"

"మరి ఒక్కనాడు అడగవైతివి."

"ఏమని అడగాలె చెల్లె? నా ఏడుపు నాకియ్యమనా?"

నల్లా బంద్ చేసింది. ఆకులు దులిపింది. కోపంగ లేదు, గదే నాకు భయమయింది.

"పాట తీసుకుంటే తీసుకున్నవు. నాకు పాటలెందుకు. ఏడాదికొక్కసారి, ఆయన పోయిన దినం, బిడ్డ ఇంట్ల లేనప్పుడు, పటం ముంగట కూసొని ఏడుద్దును. మొన్నొకసారి శోకం ఎత్తిననో లేదో, పక్కింటి పిల్లలు వాకిట్లకొచ్చి ఎగురుడు పెట్టిండ్రు. 'అమ్మమ్మ డీజే పాట పాడుతున్నది, రాండ్రిరో' అని. వాళ్లదేమున్నది, పిల్లలు. నాకు నవ్వొచ్చింది. ఆయన పటం ముంగట నవ్విన చెల్లె. గప్పటిసంది ఏడుపు వస్తలేదు. నోరు తెరిస్తే డీజే వినపడుతది."

నేను కాళ్ల మీద పడబోయిన. జబ్బ పట్టి లేపింది. "లగ్గమింట్ల గీ పనులేంది, అందరు చూస్తరు" అన్నది. ఆకులు పట్టుకొని లోపటికి పోయింది.

తర్వాత జనగామ పోయి వీడియో తీసినాయనకు అసలు సంగతి చెప్పిన. ఆయన తల గోక్కున్నడు. "అవ్వా, నా వీడియో కింద పేరు తీసేస్త గని, పాట ఎన్ని చేతులు దాటిందో. అన్నిటి కింద తీసేసుడు ఎవరితోని అయితది?" అన్నడు. అక్క పేరు వేయిద్దామని ఆమెకు ఫోన్ చేస్తే, "నా పేరు రాపిస్తే మల్ల నీ గడప తొక్కను" అన్నది. అందుకే ఇక్కడ గూడ చెప్తలేను.

బావ పోయిన దినం వచ్చింది. హన్మకొండల బస్సు మారి భూపాలపల్లి పోయిన, పొద్దుగాలనే. అక్క తలుపు తీసి, "చాయ్ పెడుత" అన్నది. చాయ్ తాగినం. పటానికి దండ వేసింది. పటం ముంగట కూసున్నది. ఆమె కండ్లు ఎండిన కుంట తీరు ఉన్నయి.

నేను అన్న, "అక్కా, నువ్వు ఆనాడు ఎత్తిన శోకంల మొదటి రెండు మాటలే బయటికి పోయినయి. తక్కింది నా దగ్గర్నే ఉన్నది. ఎవరికీ పాడలె. ఇయ్యాల నీది నీకిస్త."

"తక్కింది ఏముండె?"

చూడుండ్రి, శోకం పెట్టినోళ్లకు ఏమన్నరో యాదికుండదు. అప్పుడు వాళ్లు వాళ్లలెక్క ఉండరు. నేను రాగం తియ్యలె. తీసే మొఖం నాకు లేదు. ఊకె మాటల తీరు చెప్పుకుంట పోయిన, ఒక్కొక్క వరుస. "మీసాలకు నల్ల రంగు తెచ్చుకొని డబ్బీ ఇప్పకనే పోయినవా" అన్న వరుస కాడ అక్క తలెత్తింది.

"గది గూడ అన్ననా?"

"అన్నవు. చుట్టాల ముంగట."

"అయ్యో, ఇజ్జత్ తీసిన గదా మనిషిది," అని నవ్వింది. నవ్వు నవ్వుగనే విరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, తర్వాత తీసేసింది. ఆ వరుసే అందుకొని రాగం ఎత్తింది, మెల్లగ, ఆనాటి తీరుగనే. నేను ముందటి వరుస అందిచ్చుడు, ఆమె ఏడ్చుడు. పక్కింటి పిల్లలు తలుపు కాడికొచ్చి నిలబడ్డరు. ఎగరలె. ఎందుకో వాళ్లకూ తెలిసింది. చిన్నది ఒకతి వచ్చి అక్క మోకాలు పట్టుకున్నది.

తక్కిన వరుసలు మీకు చెప్పను. అడగకుండ్రి.

పోయేటప్పుడు అక్క నన్ను మాఫ్ చేసిన అనలె. అంటదేమో అని గడప కాడ జర ఆగిన. చెంబుతోని నీళ్లు పట్టుకొచ్చింది.

"ఆనాడు కడుక్కోకనే పోయినవు. నేను చూసిన."

నేను చేతులు చాపితే చెంబు ఇయ్యలె. వంగి తనే నా కాళ్ల మీద పోసింది, ఒక కాలు, ఇంకొక కాలు. సిగ్గుతోని నా పానం భూమిలకు పోయింది. "ఇంక మల్లి చూడకుంట పో" అన్నది. నేను పోయిన. చూడలె.

బిడ్డలారా, పెండ్లిల ఆ పాట మోగితే మీరు ఆడొద్దని అనను. ఆడుండ్రి. మీ ఇంట్లకెల్లి పొద్దుగాల సద్ది కట్టుకొని పోయినోళ్లు పొద్దుగూకకముందే ఇల్లు చేరాలె. వాళ్ల గిన్నె ఖాళీగ రావాలె. కడిగి బోర్లించే చేతులు సల్లగుండాలె.